బాబాయికి పనిచేసిన బిళ్ళ నాన్నగారికి ఎందుకు పనిచేయలేదు?

ముమ్మిడివరం దగ్గర నుంచి ఒకబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. నాన్నగారికి 62 ఏళ్ళు, పద్నాలుగేళ్ళుగా షుగర్ ఉంది. వేసవిలో గుండెపోటు వస్తే కాకినాడలో స్టెంట్ వేశారు. ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75, కొలెస్ట్రాల్ బిళ్ళ రాసిచ్చారు. ఆరు వారాలు తిరక్కుండానే అదే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి మళ్ళీ ఆస్పత్రిలో చేరారు. ఈసారి క్లోపిడోగ్రెల్ తీసేసి టికాగ్రెలార్ 90 రెండు పూటలా ఇచ్చారు. అది మొదలుపెట్టినప్పటి నుంచి ఆయాసంగా ఉందంటున్నారు. బాబాయికేమో రెండేళ్ళ క్రితం స్టెంట్ పడింది. ఆయన అదే క్లోపిడోగ్రెల్ వేసుకుంటూ కొబ్బరి వ్యాపారం చూసుకుంటున్నారు. "ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే, బిళ్ళ కూడా ఒకటే. నాన్నకు మందు ఒంటికి పట్టలేదని ఒకరు, డూప్లికేట్ మందని ఇంకొకరు, రెండేసి వేసుకుని ఉంటే సరిపోయేదని మందుల షాపాయన అంటున్నారు. ఏది నిజమండి? జీన్ టెస్ట్ చేయించాలా? బాబాయికీ మందు మార్చాలా?"

నేను కోనసీమలో ఇరవై ఆరేళ్ళుగా జనరల్ మెడిసిన్ చూస్తున్నాను. స్టెంట్ వేసేది నేను కాదు. వేయించుకుని ఊరికి తిరిగొచ్చినవాళ్ళను ఆ తర్వాత ఏళ్ళ తరబడి చూసేది నేను. అందుకే మీ ప్రశ్న నాకు కొత్త కాదు. కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఓపిగ్గా చదవండి.

అన్నిటికన్నా ముందు, ఆయాసం వచ్చిందని టికాగ్రెలార్ ఈ రాత్రికి ఆపేయకండి. ఒకసారి మూసుకుపోయి మళ్ళీ తెరిచిన స్టెంట్ అది. ఈ నెలల్లో బిళ్ళ ఆపడం కంటే పెద్ద ప్రమాదం ఇంకోటి లేదు. ఆయాసం సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

ఇక బిళ్ళల దగ్గరికి వద్దాం. మన వైపు అందరూ వీటిని "రక్తం పలచబడే బిళ్ళలు" అంటారు. నిజానికి రక్తం పలచబడదు. రక్తంలో ప్లేట్‌లెట్లని చిన్న చిన్న కణాలుంటాయి. ఎక్కడైనా రక్తనాళం లోపలి పొర గీరుకుపోతే అవి అక్కడికి చేరి ఒకదానికొకటి అతుక్కుని గడ్డకు పునాది వేస్తాయి. స్టెంట్ అంటే లోహపు జల్లెడ గొట్టం. దాని మీద కొత్త పొర పెరిగేదాకా ప్లేట్‌లెట్లకు అది గీరుకుపోయిన చోటులాగే కనిపిస్తుంది. అవి అతుక్కోవడానికి ఒకదాన్నొకటి పిలుచుకునే సంకేతాలుంటాయి. అందులో ఒకదాన్ని ఆస్పిరిన్ ఆపుతుంది. ఇంకోదాన్ని క్లోపిడోగ్రెల్, ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్ ఆపుతాయి. ఈ మూడూ పనిచేసే చోటు ఒక్కటే, ప్లేట్‌లెట్ మీద ఉండే పీ2వై12 అనే గ్రాహకం. కానీ ఆ చోటికి చేరే దారులు వేరు. మీ ప్రశ్నకు సమాధానంలో సగం ఆ దారిలోనే ఉంది.

ఇదే చోట ఇంకో మాట చెప్పాలి. వాల్వు మార్చినవాళ్ళు వేసుకునే వార్ఫరిన్ లాంటి మందులు వేరే జాతివి. తోటకూర, గోంగూర ఎంత తినాలన్న లెక్క వాళ్ళది. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే పీటీ ఐఎన్ఆర్ పరీక్ష కూడా వాళ్ళదే. క్లోపిడోగ్రెల్ పనిచేస్తోందో లేదో ఆ పరీక్షలో తెలియదు. ప్లేట్‌లెట్ల సంఖ్య చూసినా తెలియదు, ఎందుకంటే ఈ మందులు సంఖ్యను తగ్గించవు, అతుక్కునే గుణాన్ని మాత్రమే తగ్గిస్తాయి. "డాక్టర్ గారూ, ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలున్నాయి, మందు పనిచేయట్లేదా?" అని ఎంతమంది కంగారుపడి వచ్చారో లెక్కలేదు.

ఆస్పిరిన్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. అది ప్లేట్‌లెట్ లోపలి ఒక ఎంజైమును శాశ్వతంగా మూసేస్తుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం ఉండదు, కొత్త ఎంజైమును తయారుచేసుకోలేదు. కాబట్టి అది బతికినన్నాళ్ళూ, అంటే ఏడు నుంచి పది రోజులు, అలాగే ఉండిపోతుంది. ఒకప్పుడు "ఆస్పిరిన్ రెసిస్టెన్స్", అంటే కొందరి ఒంటికి ఆస్పిరిన్ పనిచేయదనే మాట బాగా నడిచింది. అమెరికాలో 400 మంది ఆరోగ్యవంతులకు ఆస్పిరిన్ ఇచ్చి చూసి, 2013 నాటికి ఫలితం బయటపెట్టారు. నిజమైన రెసిస్టెన్స్ ఒక్కరిలోనూ నిలబడలేదు. పనిచేయనట్టు కనిపించినవాళ్ళలో కారణం బిళ్ళ పైపూత. కడుపులో కరగకుండా పేగులో కరగాలని వేసే ఆ పూత వల్ల మందు ఆలస్యంగా, ఒక్కోసారి తక్కువగా ఒంట్లోకి వెళ్తుంది. గుండెపోటు వచ్చిన క్షణంలో ఆస్పిరిన్‌ను మింగకుండా నమలమనేది అందుకే. ఆస్పిరిన్‌కు నిజంగా అడ్డుపడేది ఐబూప్రొఫెన్. అది ముందుగా వెళ్ళి అదే ఎంజైము గుమ్మంలో కూర్చుంటే ఆస్పిరిన్‌కు లోపలికి దారి ఉండదు. ఆస్పిరిన్ రక్తంలో ఎక్కువసేపు ఉండదు కాబట్టి ఆ రోజు డోసు వృథా అవుతుంది. మోకాళ్ళ నొప్పులకని షాపులో కొనుక్కునే నొప్పి బిళ్ళ వెనకాల ఏముందో చూడమని చెప్పేది ఇందుకే.

అసలు కథ క్లోపిడోగ్రెల్‌ది. మన ప్రాంతంలో పుట్టినవాళ్ళకు దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. క్లోపిడోగ్రెల్ బిళ్ళ ధాన్యం లాంటిది. ధాన్యాన్ని ఉన్నదున్నట్టు వండుకోలేం, మర ఆడించాలి. ఆ మర లివర్‌లో ఉంది. మింగిన మందు 100 పాళ్ళనుకుంటే దాదాపు 85 పాళ్ళు మర దాకా వెళ్ళకుండానే వేరే ఎంజైముల చేతిలో పడి పనికిరాకుండా పోతాయి. మిగిలిన 15 పాళ్ళే లివర్‌లో రెండు అంచెల్లో మారి అసలు మందు అవుతాయి. ఈ మర ఆడించే ఎంజైముల్లో ముఖ్యమైనదాని పేరు సీవైపీ2సీ19. దాన్ని తయారుచేసే జన్యువు మనకు రెండు కాపీలుంటాయి, తల్లి ఇచ్చింది ఒకటి, తండ్రి ఇచ్చింది ఒకటి. కొందరికి అందులో ఒక కాపీ పనిచేయనిది వస్తుంది, కొందరికి రెండూ పనిచేయనివే వస్తాయి. మనలో ఎక్కువగా కనిపించే ఆ పనిచేయని రకాన్ని స్టార్ 2 అంటారు. ఒక కాపీ పాడైతే మర సగం వేగంతో నడుస్తుంది. రెండూ పాడైతే బస్తాలు మిల్లు గుమ్మంలోనే ఉండిపోతాయి. రోగి మాత్రం రోజూ క్రమం తప్పకుండా బిళ్ళ మింగుతూనే ఉంటాడు.

ఇది అరుదైన సంగతి కాదు. యూరప్ జాతుల్లో రెండు కాపీలూ పాడైనవాళ్ళు నూటికి ఇద్దరు ముగ్గురు. మన భారత ఉపఖండంలో అంతకు చాలా ఎక్కువ. బ్రిటన్‌లో స్థిరపడిన బంగ్లాదేశ్, పాకిస్తాన్ మూలాల వాళ్ళను చూస్తే 57 శాతం మందికి కనీసం ఒక కాపీ పనిచేయనిది ఉన్నట్టు 2023లో తేలింది. అంటే సగం మందికి పైగా. 2010 మార్చిలోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ క్లోపిడోగ్రెల్ వివరాల పత్రంలో ఈ విషయం మీద నల్లగీత హెచ్చరిక, అంటే అన్నిటికన్నా గట్టి హెచ్చరిక పెట్టించింది. అదే ఏడాది వచ్చిన పెద్ద విశ్లేషణలో, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్ళలో స్టెంట్ లోపల గడ్డకట్టే ముప్పు ఒక కాపీ పాడైతే సుమారు రెండున్నర రెట్లు, రెండూ పాడైతే దాదాపు నాలుగు రెట్లు కనిపించింది. ఈ రెట్లు విని బెంబేలెత్తవద్దు. స్టెంట్‌లో గడ్డకట్టడమన్నది మొదటి ఏడాదిలో నూటికి ఒకరి చుట్టుపక్కల జరిగేది. నాలుగు రెట్లయినా, రెండు కాపీలూ పాడైనవాళ్ళలో ఎక్కువమందికి ఏమీ కాదు. కానీ జరిగినవాళ్ళకు అది ప్రాణం మీదికి వస్తుంది.

"ఒక తల్లి బిడ్డలే కదా" అన్నారు. అన్నదమ్ములిద్దరికీ ఈ జన్యువులో తల్లిదండ్రుల నుంచి సరిగ్గా అవే రెండు కాపీలు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతే. మిగతా మూడు వంతుల్లో ఒకటో రెండో తేడా ఉంటుంది. కాబట్టి బాబాయికి పనిచేయడం, నాన్నగారికి పనిచేయకపోవడం వింతేమీ కాదు. మన వైపు మేనరికాలు ఎక్కువ. భార్యాభర్తలు ఒకే కుటుంబం నుంచి వచ్చినప్పుడు పాడైన కాపీ ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది, అలాంటి ఇంట్లో బిడ్డకు రెండూ పాడైనవే రావడం కూడా పెరుగుతుంది. నాన్నగారి తల్లిదండ్రులది మేనరికమైతే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

రాజోలు వైపు నుంచి ఒక మాస్టారు వచ్చేవారు, నలభై ఎనిమిదేళ్ళ మనిషి. షుగర్ లేదు, సిగరెట్ లేదు. స్టెంట్ వేసిన పదకొండో రోజున అది మూసుకుపోయింది. "బిళ్ళలు మానేశారా" అని అందరూ ఆయన్నే నిలదీశారు. ఆయన భార్య క్యాలెండర్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. వేసుకున్న ప్రతి పూటకూ టిక్కు పెట్టి ఉంది, షీట్లలో ఖాళీ గుంటలు కూడా లెక్కకు సరిపోయాయి. ఆ రోజు ఆవిడ కళ్ళనీళ్ళు నేను మర్చిపోలేను. మనిషి బతికి బయటపడ్డాక హైదరాబాద్‌లో పరీక్ష చేయిస్తే రెండు కాపీలూ స్టార్ 2. మందు మార్చారు, ఆరేళ్ళయింది, ఇప్పటికీ సైకిల్ మీదే బడికి వెళ్తున్నారు. అప్పటి నుంచి, బిళ్ళ వేసుకున్నానని రోగి చెబితే ముందు నమ్మి, ఆ తర్వాతే లెక్క చూస్తున్నాను.

అలాగని జన్యువే సర్వస్వం అనుకోవద్దు. 2009లో అమెరికాలోని అమిష్ కుటుంబాల్లో ఈ విషయం మీద చేసిన అధ్యయనం ఒకటుంది. వాళ్ళూ తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకునే సమాజం. క్లోపిడోగ్రెల్‌కు మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలో ఈ స్టార్ 2 వివరించగలిగింది 12 శాతమే. మిగతాది వేరే చోట్ల నుంచి వస్తుంది. నా అనుభవంలో ఆ చోట్లలో మొదటిది మందుల డబ్బా, అంటే బిళ్ళ నిజంగా రోజూ వేసుకున్నారా లేదా అన్నది.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో వాళ్ళు రోజుల తరబడి చిక్కుకుపోయారు. పడవ మీద తాగునీళ్ళు, పాలు వచ్చాయి. అయిపోయిన బిళ్ళ పేరు చెప్పి అడిగినవాళ్ళు తక్కువ. రొయ్యల చెరువు ఉన్నవాళ్ళకు ఇలా చెబుతుంటాను: చెరువులో రోజుకు పదోవంతు నీళ్ళు మారిస్తే వారంలో పాత నీళ్ళు సగానికి పైగా పోతాయి కదా. ప్లేట్‌లెట్లూ అంతే, రోజుకు పదోవంతు కొత్తవి వస్తుంటాయి, వాటికి మందు తగలదు. ఒక పూట మర్చిపోతే క్లోపిడోగ్రెల్‌లో పెద్ద నష్టం కనపడదు. నాలుగైదు రోజులు మానేస్తే అతుక్కోవడానికి సిద్ధంగా ఉన్న ప్లేట్‌లెట్లు మళ్ళీ సరిపడా తయారవుతాయి. టికాగ్రెలార్ అలా కాదు, అది ప్లేట్‌లెట్‌ను శాశ్వతంగా మూయదు, పట్టుకుని వదిలేస్తుంది. అందుకే రెండు పూటలు. అందులో రెండు మూడు పూటలు తప్పితే రక్షణ చాలావరకు పోతుంది. ఇది నాన్నగారికి గట్టిగా చెప్పండి.

వరదలే కానక్కర్లేదు. సంక్రాంతికి భోగి నుంచి కనుమ దాకా "మందేసుకుంటాను కదండీ, బిళ్ళ పడదని ఆపేశానండి" అనేవాళ్ళున్నారు. కార్తీక మాసంలో ఉపవాసం రోజున ఆపేవాళ్ళున్నారు. పన్ను పీకాలంటే ఎవరినీ అడక్కుండా వారం ముందే ఆపేసేవాళ్ళున్నారు. పాలకొల్లు వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడకు రెండోసారి పక్షవాతం వస్తే, క్లోపిడోగ్రెల్ పడలేదని తీర్మానించి మందు మార్చింది నేనే. నాలుగు నెలల తర్వాత కోడలు చెప్పింది: నెలకు సరిపడా కొనలేక ఆవిడ రోజు విడిచి రోజు వేసుకునేదట, నాకు చెప్పడానికి మొహమాటపడిందట. నేను అడిగిన తీరు తప్పు. "వేసుకుంటున్నారా?" అంటే మన వాళ్ళు "ఆయ్, వేసుకుంటున్నానండి" అంటారు. "ఈ నెల్లో ఎన్ని మిగిలాయి?" అని అడగాలి. మీరు కూడా నాన్నగారిని రెండో ప్రశ్నే అడగండి, కోప్పడకుండా అడగండి. గడ్డకట్టిన ఆ ఆరు వారాల్లో ఎన్ని షీట్లు కొన్నారో బిల్లులు తీసి చూడండి. తప్పు పట్టడానికి కాదు, తర్వాత వేసుకోవాల్సిన మందు ఏదన్నది ఆ లెక్క మీదే ఆధారపడుతుంది.

రెండో చోటు గ్యాస్ బిళ్ళ. మన వైపు గుండెపోటును కూడా గ్యాస్ అనుకునే అలవాటు ఉంది. అందుకని ఇంటింటా ఒమెప్రజోల్ క్యాప్సూల్ ఉంటుంది. క్లోపిడోగ్రెల్‌ను మర ఆడించే ఎంజైమునే ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ వాడుకుని దాన్ని నెమ్మదింపజేస్తాయి. పాంటోప్రజోల్‌కు ఆ గుణం చాలా తక్కువ. ఇందులో నిజం నిజంగా చెప్పాలి. 2010లో వచ్చిన కోజెంట్ అనే పరిశోధనలో క్లోపిడోగ్రెల్‌తో ఒమెప్రజోల్ వాడినవాళ్ళకు గుండెపోట్లు పెరగలేదు, కడుపులో రక్తస్రావాలు మాత్రం తగ్గాయి. ఆ పరిశోధన మధ్యలోనే ఆగిపోయింది కాబట్టి చివరిమాట కాలేదు. రెండు బిళ్ళలు వేసుకునేవాళ్ళలో చాలామందికి కడుపు కాపాడే మందు కావాలి, దాన్ని మానేయడం తప్పు. ఆ పని పాంటోప్రజోల్‌తో సాగుతున్నప్పుడు ఒమెప్రజోల్ ఎందుకు అన్నదే నా ప్రశ్న. ఇంట్లో ఏది ఉందో చూసి డాక్టరుకు చూపించండి.

మన తోటల్లో పండే పంపరపనస గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది పుస్తకాల్లో వేరే పేరుతో ఉంటుంది. గ్రేప్‌ఫ్రూట్ రసం క్లోపిడోగ్రెల్ అసలు మందుగా మారడాన్ని బాగా తగ్గిస్తుంది. అదే రసం టికాగ్రెలార్ మోతాదును రక్తంలో పెంచుతుంది, అంటే రక్తస్రావం వైపు నెడుతుంది. గ్రేప్‌ఫ్రూట్ పుట్టిందే పంపరపనస, నారింజ కలిసి. ఆ పనిచేసే పదార్థాలు పంపరపనసలోనూ ఉన్నాయి. ఈ బిళ్ళలు వేసుకునే నెలల్లో పంపరపనస పక్కన పెట్టమనే నా రోగులకు చెబుతాను. బత్తాయి, కమలాల గురించి ఈ భయం అక్కర్లేదు.

మూడోది నాన్నగారి షుగర్. షుగర్ ఉన్నవాళ్ళ ప్లేట్‌లెట్లు తొందరగా అతుక్కుంటాయి, కొత్తవి కూడా తొందరగా తయారవుతాయి. మందు అంతే వేసినా ఎదురుగా ఉన్న సైన్యం పెద్దది. ఒళ్ళు బరువు ఎక్కువున్నా ఇలాగే ఉంటుంది. నాలుగోది స్టెంట్ సంగతి. స్టెంట్ పూర్తిగా విచ్చుకోకపోయినా, నాళం సన్నగా ఉండి పొడుగాటి స్టెంట్ పడినా, అంచు దగ్గర పొర చీలినా, మందు ఎంత బాగా పనిచేస్తున్నా గడ్డకట్టొచ్చు. రెండోసారి తెరిచినప్పుడు నాళం లోపల కెమెరా లాంటి పరీక్ష చేశారేమో, ఏం కనిపించిందో డిశ్చార్జి కాగితంలో చూడండి. మందే దోషి అని తేల్చే ముందు ఇది చూడాలి.

మందుల షాపాయన మాటకు వద్దాం. "రెండేసి వేసుకో" అనేది ఎవరికైనా తోచే ఆలోచనే, డాక్టర్లకూ తోచింది. 2011లో గ్రావిటాస్ అనే పరిశోధనలో, రక్తపరీక్షలో క్లోపిడోగ్రెల్ సరిగా పనిచేయని రోగులకు మోతాదు రెట్టింపు చేసి ఆరు నెలలు చూశారు. గుండెపోట్లలో, మరణాల్లో తేడా రాలేదు. అదే ఏడాది ఇంకో పరిశోధనలో ఒక కాపీ పాడైనవాళ్ళకు రోజుకు 225 మిల్లీగ్రాములు, అంటే మూడు బిళ్ళలు ఇస్తే మామూలువాళ్ళ స్థాయి వచ్చింది. రెండూ పాడైనవాళ్ళకు 300 ఇచ్చినా రాలేదు. మిల్లు చెడిపోయినప్పుడు బస్తాలు పెంచితే బియ్యం రావు కదా. డూప్లికేట్ మందు సంగతి: అసాధ్యం అనను, కానీ మీ దగ్గర మిగిలిన షీటు, బ్యాచ్ నంబరు, బిల్లు ఉంటే డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఇచ్చి పరీక్ష చేయించమనండి. బిల్లు లేకుండా కొంటే ఆ దారి మూసుకుపోతుంది. ఇన్నేళ్ళలో నా దగ్గరకు "డూప్లికేట్" అని వచ్చిన కేసుల్లో కారణం దాదాపు ఎప్పుడూ పైన చెప్పిన వాటిలోనే దొరికింది.

ఇప్పుడు పరీక్షలు. రెండు రకాలున్నాయి, జనం వాటిని కలిపేస్తుంటారు. మొదటిది ప్లేట్‌లెట్ పనితీరు పరీక్ష. రక్తం తీసి మందు ప్రభావంలో ప్లేట్‌లెట్లు ఎంత అతుక్కుంటున్నాయో చూస్తారు. ఇది ఆ రోజు పరిస్థితి చెబుతుంది. నిన్న బిళ్ళ మర్చిపోతే మారుతుంది, జ్వరం ఉన్నా మారుతుంది. అందరికీ దీన్ని చేసి మందు సర్దితే మేలు జరుగుతుందేమోనని ఫ్రాన్స్‌లో 2,440 మంది మీద చూశారు, 2012లో ఫలితం వచ్చింది, మేలు కనపడలేదు. అందుకే ఇది అందరికీ రాయరు. రెండోది జన్యు పరీక్ష. జీవితంలో ఒక్కసారి చాలు, ఎందుకంటే జన్యువు మారదు. రక్తంతో గానీ, బుగ్గ లోపల దూదితో తుడిచి గానీ చేస్తారు. దీని మీద 2020లో వచ్చిన టైలర్ పీసీఐ పరిశోధనలో, పాడైన కాపీ ఉన్నవాళ్ళకు వేరే మందు ఇస్తే కొంత మేలు కనిపించింది గానీ లెక్కల్లో గట్టిగా నిలబడలేదు. 2019లో నెదర్లాండ్స్‌లో దీన్ని తిప్పి చూశారు. జన్యువులు బాగున్నవాళ్ళను బలమైన మందు నుంచి క్లోపిడోగ్రెల్‌కు దించితే గడ్డలు పెరగలేదు, రక్తస్రావాలు తగ్గాయి. పక్షవాతం విషయంలో రుజువు ఇంకా బలంగా ఉంది. 2021లో చైనాలో, పాడైన కాపీ ఉన్న చిన్న పక్షవాతం రోగులకు క్లోపిడోగ్రెల్ బదులు టికాగ్రెలార్ ఇస్తే 90 రోజుల్లో మళ్ళీ పక్షవాతం రావడం 7.6 శాతం నుంచి 6 శాతానికి తగ్గింది. 2024లో బ్రిటన్ ఆరోగ్య సంస్థ పక్షవాతం రోగులకు క్లోపిడోగ్రెల్ రాసే ముందు ఈ పరీక్ష చేయమని సూచించింది. అక్కడివాళ్ళ కంటే మనలో పాడైన కాపీలు ఎక్కువ. మన దగ్గరే ఈ పరీక్ష తక్కువ జరగడం నాకు బాధగానే ఉంటుంది.

నాన్నగారికి చేయించాలా? చేయించండి, కానీ కారణం తెలిసి చేయించండి. ఇప్పుడు ఆయన వేసుకుంటున్న టికాగ్రెలార్‌కు మరతో పని లేదు, అది నేరుగా బియ్యమే. కాబట్టి ఫలితం ఏదొచ్చినా ఈ రోజు మందు మారదు. ఫలితం అవసరమయ్యేది రేపు, ఆయాసం వల్లో ఖర్చు వల్లో ఏడాది పూర్తవడం వల్లో క్లోపిడోగ్రెల్‌కు వెనక్కి వెళ్దామా అనే మాట వచ్చినప్పుడు. రెండు కాపీలూ పాడైనవని తేలితే ఆ తలుపు మూసేయొచ్చు. ఆ ఫలితం వస్తే మీకూ ఒక పాడైన కాపీ తప్పకుండా ఉంటుంది. దానికి ఇప్పుడు మీరు చేయాల్సింది ఏమీ లేదు, కాగితం దాచుకోండి చాలు.

ఆయాసం. టికాగ్రెలార్‌తో ఆయాసం బాగా తెలిసిన విషయమే. 2009 నాటి ప్లేటో పరిశోధనలో ఆ మందు వాడినవాళ్ళలో నూటికి పద్నాలుగు మందికి వచ్చింది. క్లోపిడోగ్రెల్ వాడినవాళ్ళలో ఎనిమిది మందికి. మామూలుగా మొదటి రోజుల్లోనే మొదలవుతుంది, కూర్చున్నప్పుడు కూడా గాలి చాలనట్టు ఉంటుంది, ఊపిరితిత్తులకు హాని చేయదు, చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. కానీ ఆయనకు రెండుసార్లు గుండె దెబ్బతింది. పడుకుంటే ఎక్కువవుతోందా, కాళ్ళు వాస్తున్నాయా, మెట్లెక్కితే వస్తోందా అన్నది చూడాలి. అది గుండె బలహీనత అయితే నేరం మందుది కాదు. ఈ వారంలోనే ఎకో, అంటే గుండె స్కాన్ చేయించండి. మందు వల్లే అని తేలి భరించలేకపోతే ప్రాసుగ్రెల్ ఉంది. దానికి కూడా సీవైపీ2సీ19 మీద ఆధారం తక్కువ. అయితే ఎప్పుడైనా పక్షవాతం వచ్చినవాళ్ళకు ప్రాసుగ్రెల్ ఇవ్వకూడదు. 75 ఏళ్ళు దాటినా, బరువు 60 కిలోల లోపున్నా జాగ్రత్తగా ఆలోచించాలి. ఒక మందు నుంచి ఇంకోదానికి మారేటప్పుడు ఎన్ని గంటలకు, మొదట ఒక్కసారిగా ఇచ్చే పెద్ద మోతాదు (లోడింగ్ డోసు) ఎంత అన్నది మీ కార్డియాలజిస్టే చెప్పాలి.

బలమైన మందుకు వెళ్ళాక చూసుకోవాల్సింది రక్తస్రావం. మలం తారులా నల్లగా రావడం, చిగుళ్ళ నుంచి ఆగకుండా రక్తం, హఠాత్తుగా భరించలేని తలనొప్పి వస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్ళండి. వానాకాలంలో డెంగీ వస్తే, ప్లేట్‌లెట్ల సంఖ్య పడిపోతున్నప్పుడు ఈ బిళ్ళలు కొనసాగించాలా వద్దా అన్నది ఇంట్లో తేల్చేది కాదు, దగ్గర్లోని ఆర్‌ఎంపీ తేల్చేదీ కాదు. స్టెంట్ ఉందని, ఈ మందులు వాడుతున్నారని మొదటి మాటగా చెప్పాలి.

తర్వాత చూపించుకోవడానికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న ప్రతి మందూ, షాపులో కొన్న నొప్పి బిళ్ళ, గ్యాస్ క్యాప్సూల్, కషాయం పొడి సహా ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి. చీటీ మీద పేర్లు రాసుకెళ్తే ఏదో ఒకటి తప్పిపోతుంది. టికాగ్రెలార్‌కు ఇప్పుడు జనరిక్‌లు వచ్చి ధర తగ్గింది. ఖర్చు భారమైతే ఆ మాట డాక్టరుకు నోరు తెరిచి చెప్పండి, పూటలు తగ్గించకండి.

ఇక బాబాయి. ఆయనకు రెండేళ్ళయింది, గడ్డ రాలేదు, రక్తస్రావం లేదు. మందు మార్చాల్సిన పని లేదు. అన్నగారికి పడలేదని భయపడి తనంతట తాను మార్చుకోవడం కూడా వద్దు. రెండేళ్ళయ్యాక రెండు బిళ్ళలూ ఇంకా కావాలా, ఒకటి చాలా అన్నది మాత్రం వాళ్ళ డాక్టరును అడగమనండి. నాన్నగారి జన్యు పరీక్షలో రెండు కాపీలూ పాడైనవని వస్తే, ఆ కాగితం జిరాక్స్ ఒకటి బాబాయి ఫైల్లో పెట్టండి. రేపు ఆయనకు ఇంకో స్టెంట్ అవసరమైనా, పక్షవాతం వచ్చినా, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకు అది చూపించాలి.